పత్తికట్టె పొగలో దాగిన గ్యాస్



మన హాస్టల్ పాత వంటగది గోడ గుర్తుందా? ఇప్పుడు చదువుతున్న తమ్ముళ్లకు తెలియకపోవచ్చు గానీ, పూర్వ విద్యార్థులకు మాత్రం తప్పక గుర్తుండే ఉంటుంది. అప్పుడు వంట కట్టెల పొయ్యి మీదే. పొయ్యి పైనుంచి కప్పు దాకా గోడ నల్లగా, చెయ్యి పెడితే అంటుకునేలా జిగటగా ఉండేది. వార్షికోత్సవానికి ముందు సున్నం వేసేవారు. రెండు నెలలు తిరక్కుండానే మళ్లీ నల్లబడేది. వంట చేసే పెద్దమ్మ అన్నం గంజి వంచుతూ కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే ఉండేది. మేము దానిని మసి అనుకున్నాం, అంతే. ఎం.ఎస్సీ. చదువుకు వచ్చిన తరువాత గానీ అసలు సంగతి తెలియలేదు. ఆ గోడకు అంటుకున్నది, పెద్దమ్మ కళ్లలోకి వెళ్లింది కాలకుండా పారిపోయిన ఇంధనం.

మాది పత్తి పండించే ఊరు. మా నాయనకు ఎకరంన్నర భూమి ఉంది. పత్తి ఏరడం అయిపోయాక కట్టె పీకి, సగం పొయ్యిలోకి ఇంటికి తెచ్చుకుంటాం. మిగతాది చేలోనే కుప్పవేసి అంటుపెడతాం. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటివాళ్లం మేమే. అందుకని ఏం చదువుతున్నామో ఇంట్లో చెప్పడం ఎప్పుడూ కష్టమే. కానీ ఎం.ఎస్సీ. ప్రాజెక్టుగా "వ్యవసాయ వ్యర్థాల నుంచి గ్యాస్" అనే అంశం తీసుకున్నామని చెప్పినప్పుడు మాత్రం మా నాయన వెంటనే అర్థం చేసుకున్నాడు. ఒక్కటే ప్రశ్న అడిగాడు.

"మన పత్తికట్టెల గ్యాసున్నదంటవ్. మరి అది మన పొయ్యికాడికి వస్తదా, రాదా?"

ఆ ప్రశ్నకు మేము వెతికిన జవాబే ఈ వ్యాసం.

పొగ అంటే ఏమిటి?

ముందుగా ఒక చిన్న ప్రయోగం. కొవ్వొత్తి వెలిగించి కాసేపు మండనివ్వండి. తరువాత ఉఫ్‌మని ఊదండి. వత్తి నుంచి సన్నని తెల్లటి పొగ లేస్తుంది. వెంటనే వెలుగుతున్న అగ్గిపుల్లను వత్తికి తగలకుండా, అంగుళం పైన ఆ పొగలో పెట్టండి. మంట ఆ పొగ వెంబడి కిందికి జారి వత్తిని తిరిగి అంటిస్తుంది.

దీనిని బట్టి ఏం తెలుస్తున్నది? మండేది మైనం కాదు, మైనం నుంచి వచ్చిన ఆవిరి. కట్టె సంగతి కూడా అంతే. కట్టెను వేడి చేస్తే ముందు దానిలోని నీరు పోతుంది. ఆ తరువాత కట్టె విడిపోయి రకరకాల వాయువులు, ఆవిర్లు బయటికి వస్తాయి. మనకు కనిపించే మంట ఆ వాయువులు మండడమే. వాటికి తగినంత వేడి, గాలి దొరికితే మంట. దొరక్కపోతే పొగ. పొయ్యి పొగచూరినప్పుడు అమ్మ ఊదుగొట్టంతో నాలుగుసార్లు ఊదితే పొగ తగ్గి మంట లేస్తుంది కదా! చదువు లేకపోయినా అమ్మ చేసేది రసాయన శాస్త్రమే. పొగకు గాలి అందిస్తున్నది.

కావాలనే గాలి తగ్గిస్తే?

ఒక కిలో ఎండు కట్టె పూర్తిగా కాలాలంటే సుమారు 6 కిలోల గాలి కావాలి. గ్యాసిఫైయర్ అనే యంత్రంలో దానిలో నాలుగో వంతు నుంచి మూడో వంతు వరకు మాత్రమే, అంటే సుమారు 1.5 నుంచి 2 కిలోల గాలి ఇస్తారు. కట్టెను పూర్తిగా కాలనివ్వరు, అట్లాగని ఆరిపోనివ్వరు. ఆ అరకొర గాలితో కట్టె మొత్తం మండే గ్యాసుగా మారిపోతుంది. ఈ పద్ధతినే గ్యాసిఫికేషన్ అంటారు.

లోపల జరిగేది నాలుగు దశలుగా చెప్పుకోవచ్చు. నిలువుగా నిలబెట్టిన ఒక డ్రమ్మును ఊహించుకోండి. కట్టె ముక్కలు పైనుంచి వేస్తాం, గాలి మధ్యలో చిన్న గొట్టాల ద్వారా పోతుంది, గ్యాసును కింది నుంచి లాగుతాం.

మొదటిది ఆరడం. పై భాగంలో వేడికి ముక్కలలోని తేమ ఆవిరవుతుంది.

రెండవది విడిపోవడం. సుమారు 200 డిగ్రీలు దాటిన తరువాత కట్టె విడిపోయి వాయువులు, తారు ఆవిర్లు, బొగ్గు అవుతుంది. ఇక్కడ గాలి అవసరం లేదు, వేడి చాలు.

మూడవది మండడం. గాలి లోపలికి వచ్చే చోట కొంత భాగం మండి, వేడి 1000 డిగ్రీలు దాటుతుంది. మిగతా పనులన్నిటికీ కావలసిన వేడి ఇక్కడి నుంచే వస్తుంది. ఇక్కడ పుట్టేది ప్రధానంగా కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి. ఈ రెండూ మండవు.

నాలుగవది అసలైన మలుపు. మండని ఆ వాయువులు కిందనున్న ఎర్రటి బొగ్గు మీదుగా పోతాయి. ఆ వేడిలో బొగ్గు వాటి నుంచి ఆక్సిజన్‌ను లాక్కుంటుంది. కార్బన్ డయాక్సైడ్ కార్బన్ మోనాక్సైడ్ అవుతుంది. నీటి ఆవిరి హైడ్రోజన్ అవుతుంది. ఈ రెండూ చక్కగా మండే వాయువులు.

ఇలా వచ్చిన దానినే ప్రొడ్యూసర్ గ్యాస్ అంటారు. ఇంటర్ కెమిస్ట్రీలో దీని గురించి రెండు లైన్లు చదివాం, మార్కుల కోసం బట్టీ పట్టాం, మర్చిపోయాం. ఆ రెండు లైన్లు మా ఇంటి పొయ్యి గురించేనని అప్పుడు తట్టలేదు.

ఈ గ్యాసులో కార్బన్ మోనాక్సైడ్ సుమారు 20 శాతం, హైడ్రోజన్ 15 నుంచి 20 శాతం, మీథేన్ కొద్దిగా ఉంటాయి. సుమారు సగం నైట్రోజన్. అది గాలితో పాటు వచ్చి చేరేదే, మండదు. అందువల్ల ఒక ఘనపు మీటరు గ్యాసు ఇచ్చే వేడి 1000 నుంచి 1200 కిలో కేలరీలే. గోబర్ గ్యాసు దీనికి నాలుగింతలు ఇస్తుంది.

చాలామంది "సిలిండర్లలో నింపుకోవచ్చా?" అని అడుగుతారు. లాభం లేదు. సగం నైట్రోజన్ ఉన్న గ్యాసును సిలిండర్‌లో మోయడం నీళ్లు కలిపిన పాలను పట్నానికి మోయడం లాంటిది. ఎక్కడ పుడితే అక్కడే, పుట్టినప్పుడే వాడుకోవాలి. అలాగే దీనిని గోబర్ గ్యాసుతో కలిపి గందరగోళపడకూడదు. గోబర్ గ్యాసును పేడ నీళ్లలో సూక్ష్మజీవులు రోజుల తరబడి తయారుచేస్తాయి. ఇది ఎండు పదార్థం నుంచి నిప్పు నిమిషాలలో తయారుచేసేది. పచ్చిదానికి అది, ఎండుదానికి ఇది.

కొత్త విద్య కాదు

ఇది నిన్నమొన్న కనిపెట్టింది కాదు. జార్జెస్ ఇంబెర్ట్ అనే ఫ్రెంచి ఇంజనీరు 1920లలో కట్టె గ్యాసుతో వాహనాలు నడిపే యంత్రాన్ని రూపొందించాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో పెట్రోలు దొరకనప్పుడు యూరప్‌లో లక్షల వాహనాలు కట్టె గ్యాసు, బొగ్గు గ్యాసు మీద నడిచాయి. మన దేశంలో కూడా ఆ రోజుల్లో బస్సుల వెనుక బొగ్గు గ్యాసు డ్రమ్ములు బిగించారు. అప్పటి మద్రాసు రాష్ట్రంలో తిరిగిన అలాంటి బొగ్గు బస్సుల గురించి పాతతరం వారు కథలుగా చెప్పుకొనేవారు. యుద్ధం ముగిసి పెట్రోలు దొరికేసరికి అందరూ దీనిని వదిలేశారు. ఎందుకు వదిలేశారో మా ప్రాజెక్టు మొదటి రోజే మాకు బోధపడింది.

మా డ్రమ్ము కథ

మేము నలుగురం కలిసి ఒక పాత డ్రమ్ముతో చిన్న గ్యాసిఫైయర్ కట్టాం. మా సార్ దగ్గరుండి చూసుకున్నారు. లేబొరేటరీ వెనుక ఆరుబయట పెట్టాం. మా ఊరి నుంచి రెండు మోపుల పత్తికట్టె ఆటోలో వేసుకొచ్చాం. పీకి వారం కూడా కాలేదు. పైకి ఎండినట్టే కనిపించింది. వెలిగించాం. తెల్లటి దట్టమైన పొగ వచ్చింది గానీ గ్యాసు అంటుకోలేదు. లోపలి తేమను ఆవిరి చేయడానికే వేడి అంతా ఖర్చయిపోయింది. పుట్టిన ఆ కాస్త గ్యాసు వెలగకుండా బయటికి పోతుంటే దగ్గర నిలబడ్డ మిత్రుడికి తలనొప్పి, కళ్లు తిరగడం మొదలైంది. సార్ గమనించి అందరినీ దూరం జరిపారు. ఆ రోజుకు పని ఆపేశాం.

రెండవసారి కట్టెను మూడు వారాలు ఎండబెట్టాం. అంగుళం, అంగుళంన్నర ముక్కలుగా కొట్టాం. రెండు బస్తాల ముక్కలకు నలుగురికి ఒక రోజు పట్టింది, చేతులు బొబ్బలెక్కాయి. ఈసారి గ్యాసు అంటుకుంది. అరిచి చప్పట్లు కొట్టాం. పదినిమిషాలకు మంట చిన్నదై ఆరిపోయింది. గొట్టం విప్పి చూస్తే లోపల రోడ్డు మీద పోసే తారు లాంటిదే నల్లగా పేరుకుపోయి ఉంది. మన వంటగది గోడ వెంటనే గుర్తొచ్చింది!

గ్యాసిఫికేషన్‌కు ఉన్న పెద్ద శత్రువు ఈ తారే. పొయ్యిలో మండించడానికైతే కొంత తారు ఉన్నా ఫరవాలేదు. ఇంజన్లోకి పంపాలంటే గ్యాసును చల్లార్చి, కడిగి, వడకట్టి, దాదాపు తారు లేకుండా చేయాలి. కడిగిన నీళ్లు నల్లబడతాయి, వాటిలో విషపదార్థాలు ఉంటాయి. ఆ నీళ్లను కాలువలోకి వదలడమంటే పొగను నీళ్లలోకి మార్చడమే.

మూడవసారి అడుగున ముందుగా బొగ్గు నింపి, అది బాగా ఎర్రబడిన తరువాతనే కట్టె ముక్కలు వేశాం. తారు ఆవిర్లు ఆ ఎర్రటి బొగ్గు గుండా పోయేటప్పుడు చాలావరకు విరిగి గ్యాసుగా మారిపోతాయి. గ్యాసును కింది నుంచి లాగడంలో ఉన్న కిటుకు ఇదే. ఆ రోజు గంటకు పైగా మంట నిలబడింది. దాని మీద ఒక గిన్నె చాయ్ కాచుకుని తాగాం. అంతకంటే రుచిగల చాయ్ మేము ఇంతవరకు తాగలేదు.

ఎకరం కట్టె విలువ ఎంత?

ఇప్పుడు మా నాయన ప్రశ్న దగ్గరికి వద్దాం. ఎకరానికి సుమారు ఒక టన్ను పత్తికట్టె వస్తుందనుకుందాం. ఎండిన కట్టె కిలోకు సుమారు 3500 కిలో కేలరీల వేడి ఉంటుంది. గ్యాసిఫైయర్‌లో దానిలో 70 శాతం చేతికి వస్తుందనుకుంటే 2450. వంట గ్యాసు కిలోకు సుమారు 11,000 కిలో కేలరీలు. ఈ లెక్కన 14.2 కిలోల సిలిండర్‌తో సమానమైన వేడికి సుమారు 64 కిలోల పత్తికట్టె చాలు. అంటే ఎకరం కట్టెలో పదిహేను సిలిండర్ల వేడి ఉన్నది!

ఈ లెక్క విని మా నాయన "పదిహేను సిలిండర్లకు అగ్గి పెడుతున్నమా?" అని నోరు తెరిచాడు. కాసేపు ఆలోచించి మళ్లీ ఆయనే అన్నాడు. "పీకెటోళ్ల కూలి ఎవలిస్తరు? ముక్కలు ఎవలు కొడతరు? వానకు తడవకుంట యాడ దాస్తరు?"

ఏ పుస్తకంలో ఉన్న దానికంటే ఇది సూటిగా ఉంది. కాగితం మీద లెక్కకూ, చేలో ఉన్న కట్టెకూ మధ్య కూలి, ఎండ, చోటు, రవాణా ఉన్నాయి. హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ వారి అధ్యయనం ప్రకారం మన దేశంలో ఏటా సుమారు 75 కోట్ల టన్నుల బయోమాస్ లభిస్తుంది, దానిలో వాడకానికి పోగా మిగిలేది సుమారు 23 కోట్ల టన్నులు. అంకె పెద్దదే. కానీ అది ఒక్కచోట కుప్పగా లేదు. కోట్ల చేలల్లో పిడికెడు పిడికెడుగా పడి ఉంది.

కరెంటు సంగతి చూద్దాం. ఒక యూనిట్ కరెంటుకు సుమారు 1.3 కిలోల కట్టె కావాలనుకుంటే టన్ను కట్టెతో 750 యూనిట్లు వస్తాయి. 5 హార్స్‌పవర్ బోరు మోటారు నూటయాభై గంటలకు పైగా నడుస్తుంది. కానీ వ్యవసాయానికి ఉచిత కరెంటు ఇస్తున్న మన తెలంగాణలో రైతు ఇంజన్, ఫిల్టర్, తారు నీళ్ల బాధ ఎందుకు పడతాడు?

ఎక్కడ నిలబడింది?

కరెంటు లేని చోట దీని కథ వేరు. కర్ణాటక తుమకూరు జిల్లాలోని హోసహళ్లి అనే చిన్న పల్లెలో బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ వారు 1988లో చిన్న గ్యాసిఫైయర్ పెట్టారు. కట్టె గ్యాసుతో పాటు కొంత డీజిల్ కూడా వాడి ఇంజన్ నడిపారు. ఇళ్లకు దీపాలు, తాగునీరు, తరువాత పిండి గిర్ని దాని మీద నడిచాయి. ఊరి కోసం కట్టెల చెట్లు కూడా పెంచారు. ఇంధనం ఎక్కడి నుంచి వస్తుందన్నది ముందే ఆలోచించారన్నమాట.

బీహార్ పశ్చిమ చంపారన్ జిల్లాలోని తమ్‌కుహా గ్రామంలో హస్క్ పవర్ అనే సంస్థ 2007లో ఊకతో కరెంటు తీసి ఇళ్లకు ఇచ్చింది. ఊక అయితే రైసు మిల్లు దగ్గర కుప్పగా దొరుకుతుంది. 100 కిలోల వడ్లకు సుమారు 20 కిలోల ఊక వస్తుంది. ఎండినదే, ముక్కలు కొట్టనక్కరలేదు. కానీ ఊకలో దాదాపు ఐదో వంతు బూడిదే, అదీ ఇసుక లాంటి సిలికా. దానికి వేరే రకం గ్యాసిఫైయర్ కావాలి, బూడిద ఎప్పటికప్పుడు తీస్తుండాలి. తరువాతి కాలంలో సోలార్ చవక కావడంతో ఆ సంస్థ కూడా సోలార్‌ను జతచేసుకుని అటువైపు మళ్లింది.

ఇంకొక సంగతి ఉంది, మనలాంటి కుటుంబాల వారు దీనిని తప్పక ఆలోచించాలి. 2006 ప్రాంతంలో భారతీయ విజ్ఞాన సంస్థ పరిజ్ఞానంతో 'ఊర్జా' అనే గ్యాసిఫైయర్ పొయ్యి మార్కెట్లోకి వచ్చింది. చిన్న ఫ్యాను ఉంటుంది, వ్యవసాయ వ్యర్థాలతో చేసిన గుళికలు వేస్తే పొగ లేకుండా మండుతుంది. ప్రజలు కొన్నారు, మెచ్చుకున్నారు. కానీ వ్యర్థాలకు గిరాకీ పెరిగి గుళికల ధర పెరిగింది. చాలా ఇళ్లలో పొయ్యి మూలకు చేరింది.

"వ్యర్థం" అనే మాటను మనం జాగ్రత్తగా వాడాలి. రైతుకు అది వ్యర్థం కావచ్చు. భూమి లేని కూలి ఇంటికి అదే వంటచెరకు. ఎవరి చేలోనైనా కట్టె ఏరుకుని మోపు కట్టుకునే తల్లికి రేపు ఆ కట్టెకు టన్నుకింత అని ధర కడితే, ఆ చేలోకి ఎవరు రానిస్తారు? గ్యాసు మిల్లుకు పోయి పొగ మాత్రం పేదవాడి ఇంట్లో మిగిలితే అది అభివృద్ధి అనిపించుకోదు. ప్లాంటు పెట్టేటప్పుడు ఎన్ని కిలోవాట్లు అన్నదానితో పాటు, ఆ కట్టె నిన్నటిదాకా ఎవరి పొయ్యిలో కాలిందో కూడా అడగాలి.

ఒక హెచ్చరిక

తమ్ముళ్లూ, ఇది చదివి ఎవరూ హాస్టల్ గదిలోగానీ, ఇంట్లోగానీ డ్రమ్ము పెట్టవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే గట్టిగా అంటుకుని మనిషికి ఊపిరి అందకుండా చేస్తుంది. మూసిన గదిలో ప్రాణం పోయేదాకా తెలియదు. చలికాలం తలుపులు మూసుకుని నిప్పుల కుంపటి పెట్టుకోవడం కూడా ఇదే ప్రమాదం. ఊళ్లో మీ వాళ్లకు ఈ ఒక్క మాట చెప్పినా ఈ వ్యాసం రాసినందుకు ఫలితం దక్కినట్టే.

నాయనకు చెప్పిన జవాబు

ఇక మేము తేల్చుకున్నది ఇది. ఎకరంన్నర రైతు ఒంటరిగా గ్యాసిఫైయర్ నడపలేడు. కుప్పగా సరుకు, రోజూ ఒకే రకం పని, చూసుకునే మనిషి ఉన్న చోటనే అది నిలబడుతుంది. రైసు మిల్లులు, ఇటుక బట్టీలు, పంట ఆరబెట్టే కేంద్రాలు, వందల మందికి ఒకేచోట వండే వంటశాలలు అలాంటివి. మనలాంటి హాస్టల్‌కు చుట్టుపక్కల చిన్నరైతుల నుంచి కట్టె కొని, ముక్కలు కొట్టే పనిని ఒక మహిళా సంఘానికి ఇచ్చి, యంత్రాన్ని ఆరుబయట పెడితే, గ్యాసు పొయ్యికి, డబ్బు ఊరికి చేరతాయి. ఇది ఆలోచన మాత్రమే. ఎవరైనా తమ్ముడు ఇంజనీరింగ్ చదివి లెక్కలు కట్టి చూడాలని మా కోరిక.

ఇంటి పొయ్యికి కూడా ఈ సూత్రం కొంత పనికొస్తుంది. డబ్బా లాంటి పొయ్యిలో చిన్న ముక్కలు నింపి, పైన అంటించి, కింది నుంచి కొద్దిగా గాలి, పై అంచున రంధ్రాల నుంచి ఎక్కువ గాలి పోనిస్తే, లోపల పుట్టిన గ్యాసు పైన మండిపోతుంది. పొగ బాగా తగ్గుతుంది. అలాంటిదొకటి చేసి ఇంటి వాకిట్లో పెట్టాం. మా అమ్మ వారం రోజులు వాడి తన తీర్పు చెప్పింది.

"పొగ లేదు బిడ్డా, మంచిగనే ఉన్నది. గని నడుమ కట్టె పెట్టరాదు. కూర సగం ఉడికినంక ఆరిపోతే ఏం జెయ్యాలె?"

నిజమే. ఒకసారి నింపితే అది అయిపోయేదాకా మండాలి, మధ్యలో వేయడానికి వీలు లేదు. దానికి మా దగ్గర ఇంకా జవాబు లేదు. ఇప్పుడు అమ్మ దానిని పొద్దున నీళ్లు కాగబెట్టడానికి వాడుతున్నది. వంటకు సిలిండర్ ఉన్నది, సిలిండర్‌కు డబ్బులు లేని నెలలో పాత పొయ్యే దిక్కు. కానీ కట్టెను ఎండబెట్టి, చిన్నగా కొట్టి, సందు వదిలి పెడితే పాత పొయ్యిలో కూడా పొగ తగ్గుతుందని ఇప్పుడు మా వాడకట్టులో నలుగురికి తెలుసు.

తమ్ముళ్లూ, మీ పుస్తకాల్లోని ప్రతి పాఠాన్నీ ఒక్కసారి మీ ఇంటి పొయ్యి దగ్గరికి, మీ చేను గట్టు దగ్గరికి తీసుకువెళ్లి చూడండి. మన ఇళ్లలో మనకంటే ముందు చదివినవారు లేరు, నిజమే. కానీ మనల్ని ప్రశ్న అడిగేవారు ఉన్నారు. ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు మీరేం చదువుతున్నారో వాళ్లకు చెప్పండి. వాళ్లు అడిగే ప్రశ్న రాసుకొని తిరిగి రండి.

– ఎం.ఎస్సీ. రసాయన శాస్త్రం,
మన హాస్టల్ పూర్వ విద్యార్థి